ఖండాలు, మహాసముద్రాలు: ప్రపంచ విభజన

భూమి ఉపరితల వైశాల్యం సుమారు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఇందులో దాదాపు 36.1 కోట్ల చదరపు కిలోమీటర్లు, అంటే 71 శాతం, సముద్రజలం. మిగిలిన 29 శాతం నేల. భూగోళశాస్త్రవేత్తలు ఈ నేలను ఖండాలుగా, సముద్రజలాన్ని మహాసముద్రాలుగా విభజిస్తారు. భారతదేశంలోని పాఠ్యపుస్తకాలు ఏడు ఖండాలను, ఐదు మహాసముద్రాలను పేర్కొంటాయి. ఇతర దేశాల్లో ఈ లెక్క వేరుగా ఉండవచ్చు. కొన్ని సరిహద్దులు ప్రకృతిలోనే స్పష్టంగా ఉన్నాయి. కొన్ని చారిత్రక అలవాటు వల్ల, కొన్ని అంతర్జాతీయ అంగీకారం వల్ల నిలిచాయి. అందువల్ల ఈ విభజన గురించి చెప్పేటప్పుడు ప్రతి సరిహద్దుకూ ఆధారమేమిటో విడిగా చూడవలసి ఉంటుంది.

నిర్వచనాలు

ఖండం: చుట్టూ నీరున్న, ఎడతెగని విశాల భూభాగాన్ని ఖండమంటారు. ఈ నిర్వచనాన్ని యథాతథంగా అమలు చేస్తే ప్రపంచంలో నాలుగు ఖండాలే ఉంటాయి. ఆసియా, యూరప్, ఆఫ్రికా కలిసిన భూభాగం ఒకటి. రెండు అమెరికాలు కలిసి మరొకటి. అంటార్కిటికా, ఆస్ట్రేలియా మిగిలిన రెండు. సూయెజ్, పనామా కాలువలు మనుషులు తవ్వినవి కాబట్టి వాటిని ఖండాలను వేరుచేసే సహజ జలభాగాలుగా లెక్కించరు. వాడుకలో ఉన్న ఏడు ఖండాల జాబితాకు ఆకారంతోపాటు చరిత్ర, సంస్కృతి, భూగర్భ నిర్మాణం కూడా ప్రాతిపదికలు.

ద్వీపం: ఖండానికీ ద్వీపానికీ మధ్య ఇంత వైశాల్యమని నిర్ణీత హద్దు లేదు. ఆస్ట్రేలియా వైశాల్యం సుమారు 77 లక్షల చ.కి.మీ., గ్రీన్‌లాండ్‌ది సుమారు 21.7 లక్షల చ.కి.మీ. ఈ రెండింటి మధ్య పరిమాణంలో మరో భూభాగం ఏదీ లేదు. కనుక ఆస్ట్రేలియాను అతిచిన్న ఖండంగా, గ్రీన్‌లాండ్‌ను అతిపెద్ద ద్వీపంగా పరిగణిస్తారు. భూగర్భ నిర్మాణం రీత్యా కూడా గ్రీన్‌లాండ్ ఉత్తర అమెరికాలో భాగమే. సాధారణంగా దీవులను సమీప ఖండంతో కలిపి లెక్కిస్తారు. ఆ విధంగా బ్రిటన్ యూరప్‌లోకి, శ్రీలంక, జపాన్ ఆసియాలోకి, మడగాస్కర్ ఆఫ్రికాలోకి వస్తాయి.

ఉపఖండం: ఒక ఖండంలో ఉంటూనే పర్వతాల వల్లనో సముద్రాల వల్లనో ప్రత్యేకంగా కనిపించే విశాల ప్రాంతం. హిమాలయాలు, హిందూకుష్ పర్వతాలు ఉత్తర, వాయవ్య దిశల్లో హద్దులుగా ఉన్న భారత ఉపఖండం ఇందుకు ప్రధాన ఉదాహరణ.

మహాసముద్రం: భూమిపై ఉన్న సముద్రజలమంతా నిజానికి ఒకదానితో ఒకటి కలిసే ఉంది. ఈ ఏకైక జలరాశిని ఖండాల అమరిక, సముద్ర ప్రవాహాలు, ఊహారేఖల ఆధారంగా మహాసముద్రాలుగా విభజిస్తారు. సముద్రం, అఖాతం, సింధుశాఖ వంటివి మహాసముద్రాల ఉపభాగాలు. బంగాళాఖాతం, అరేబియా సముద్రం హిందూ మహాసముద్రంలోవే. కాస్పియన్‌కు సముద్రమని పేరున్నా అది మహాసముద్రాలతో సంబంధం లేని భూపరివేష్టిత జలాశయం.

చరిత్ర

ప్రాచీన గ్రీకు భావన: ఖండాల విభజన మూలాలు ఏజియన్ సముద్రతీరంలో ఉన్నాయి. ఆ సముద్రానికి పడమటి గట్టును యూరప్ అని, తూర్పు గట్టును ఆసియా అని గ్రీకులు వ్యవహరించారు. తరువాత మధ్యధరా సముద్రానికి దక్షిణాన ఉన్న నేలను లిబియా పేరుతో మూడో భాగంగా చేర్చారు. ఆసియాకూ లిబియాకూ మధ్య నైలు నదిని, యూరప్‌కూ ఆసియాకూ మధ్య నేటి జార్జియాలోని ఫాసిస్ నదిని, మరికొందరు డాన్ నదిని హద్దుగా చెప్పారు. క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన హెరోడోటస్ ఒకే నేలకు మూడు పేర్లు ఎందుకు పెట్టారో, హద్దులు ఎవరు నిర్ణయించారో తనకు అంతుబట్టలేదని రాశాడు. భూభాగం చుట్టూ ఓకియనోస్ అనే మహాజలం ప్రవహిస్తుందని గ్రీకుల నమ్మకం.

పౌరాణిక భావన: భారతీయ పురాణాలు భూమిని సప్తద్వీపాలుగా వర్ణించాయి. అవి జంబూ, ప్లక్ష, శాల్మల, కుశ, క్రౌంచ, శాక, పుష్కర ద్వీపాలు. ఇవి ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా ఉంటాయని, వాటి నడుమ లవణ, ఇక్షు, సురా, ఘృత, దధి, క్షీర, శుద్ధోదక సముద్రాలు ఉంటాయని వివరణ. మేరువు జంబూద్వీపం నడుమ ఉంటుంది. భరతవర్షం ఆ ద్వీపంలోని వర్షాల్లో ఒకటి. తెలుగునాట నేటికీ పూజల్లో చెప్పే సంకల్పంలో కర్త తానున్న చోటును జంబూద్వీపంతో మొదలుపెట్టి భరతవర్షం, భరతఖండం మీదుగా శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదీ చెప్పుకుంటాడు. ఇది విశ్వవర్ణనకు చెందిన విభజన. ఆధునిక ఖండాలతో దీనికి నేరుగా పోలిక కుదరదు.

మధ్యయుగం: యూరప్‌లో క్రైస్తవ పండితులు వృత్తంలో ఆసియా, యూరప్, ఆఫ్రికాలను మాత్రమే చూపే పటాలు గీశారు. వృత్తం పై సగమంతా ఆసియా, కింది సగంలో మిగిలిన రెండూ ఉండేవి. అరబ్బు భూగోళవేత్తలు ఉత్తర దక్షిణాలుగా ఏడు శీతోష్ణ మండలాల పద్ధతిని అనుసరించారు. 1154లో అల్ ఇద్రీసీ సిసిలీ రాజు రెండవ రోజర్ ఆస్థానంలో ఆ పద్ధతిలోనే ప్రపంచ పటాన్ని పూర్తి చేశాడు.

నావికాయాత్రల యుగం: 1492లో కొలంబస్ కరీబియన్ దీవులకు చేరాడు. అది ఆసియా కాదని, వేరే భూభాగమని స్పష్టంగా చూపుతూ 1507లో మార్టిన్ వాల్డ్‌సీముల్లర్ ముద్రించిన పటంలో అమెరికా అనే పేరు తొలిసారి కనిపించింది. 1513లో బల్బోవా పనామా భూసంధి దాటి అవతలి సముద్రాన్ని చూశాడు. 1520లో మెగెల్లన్ ఆ సముద్రంలోకి ప్రవేశించి దానికి పసిఫిక్ అని పేరు పెట్టాడు. 1606లో డచ్ నావికుడు విలెం జాన్సూన్ ఆస్ట్రేలియా తీరాన్ని చేరాడు. జేమ్స్ కుక్ 1773లో అంటార్కిటిక్ వలయాన్ని దాటినా ఖండాన్ని చూడలేకపోయాడు. 1820లో రష్యా, బ్రిటన్ నౌకాయాత్రికులు అంటార్కిటికాను చూడడంతో ఖండాల జాబితా దాదాపు నేటి రూపానికి వచ్చింది.

యూరప్ తూర్పు హద్దు: పోల్టావా యుద్ధంలో రష్యన్లకు పట్టుబడి సైబీరియాలో బందీగా గడిపిన స్వీడన్ సైనికాధికారి స్ట్రాలెన్‌బర్గ్ 1730లో ప్రచురించిన గ్రంథంలో ఉరల్ పర్వతాలను యూరప్, ఆసియాల హద్దుగా ప్రతిపాదించాడు. రష్యన్ పండితుడు తాతిషెవ్ కూడా ఇదే అభిప్రాయాన్ని సమర్థించాడు. డాన్ నది హద్దు క్రమంగా వాడుక తప్పి, ఉరల్ హద్దు స్థిరపడింది.

భూగర్భ ఆధారం

భూపటలం రెండు రకాలు. ఖండ భూపటలం ప్రధానంగా గ్రానైటు స్వభావం గల తేలిక శిలలతో ఏర్పడి, సగటున 35 నుంచి 40 కిలోమీటర్ల మందం ఉంటుంది. మహాసముద్ర భూపటలం బరువైన బసాల్టు శిలలతో ఏర్పడి సుమారు 7 కిలోమీటర్ల మందం ఉంటుంది. మందంగా, తేలికగా ఉండడం వల్ల ఖండాలు ఎత్తున నిలుస్తాయి. పలుచగా, బరువుగా ఉన్న భాగం పల్లంగా ఉండి నీటిని నింపుకొంటుంది. ఖండాల్లో దాదాపు 400 కోట్ల సంవత్సరాల నాటి శిలలు దొరుకుతాయి. సముద్రపు అడుగున చాలా భాగం 20 కోట్ల సంవత్సరాలకు లోపుదే. సముద్రగర్భ పర్వతశ్రేణుల వద్ద కొత్త అడుగు ఏర్పడుతూ, అగాధాల వద్ద పాతది లోపలికి దిగిపోతూ ఉండడమే ఇందుకు కారణం.

ఖండానికి భూగర్భ రీత్యా అంచు సముద్రతీరం కాదు. తీరం నుంచి లోతు తక్కువగా సాగే ఖండతీరపు అంచు, ఆ తరువాత లోతుకు దిగే ఖండతీరపు వాలు కూడా ఖండంలో భాగాలే.

జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో ఖండ చలన సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఒకప్పుడు ఖండాలన్నీ పాంజియా అనే ఒకే భూభాగంగా ఉండి, తరువాత విడిపోయాయని దాని సారాంశం. మేరీ థార్ప్ గీసిన సముద్రగర్భ పటాలు, 1962లో హ్యారీ హెస్ సముద్రపు అడుగు విస్తరణపై రాసిన పత్రం, 1963లో వైన్, మాథ్యూస్ ఇచ్చిన అయస్కాంత ఆధారాలు కలిసి 1960లలో, భూమి పైపొర కదిలే పలకలుగా విడిపోయి ఉందనే పలకల సిద్ధాంతానికి దారితీశాయి.

పాంజియాలోని దక్షిణ భాగానికి గోండ్వానా అని పేరు. మధ్య భారతదేశంలోని గోండుల నివాస ప్రాంతం నుంచి ఈ పేరు వచ్చింది. అక్కడి శిలా సముదాయానికి 19వ శతాబ్దిలో పెట్టిన పేరును ఆస్ట్రియా భూగర్భశాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ దక్షిణ మహాఖండానికి వర్తింపజేశాడు. తెలంగాణలోని సింగరేణి బొగ్గు ఈ గోండ్వానా శిలల్లోదే. ప్రాణహిత, గోదావరి లోయల బొగ్గు పొరల్లో కనిపించే గ్లోసోప్టెరిస్ మొక్కల శిలాజాలు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల్లోనూ దొరికాయి. తూర్పు కనుమల శిలలకు తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంత శిలలతో పోలిక ఉంది. గోండ్వానా నుంచి విడిపోయి ఉత్తరంగా కదిలిన భారత పలక సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట యురేషియాను ఢీకొనడంతో హిమాలయాల నిర్మాణం మొదలైంది.

పలకల హద్దులు, ఖండాల హద్దులు ఒకటి కావు. సైబీరియా ఈశాన్య కొస ఉత్తర అమెరికా పలక మీద ఉంది. ఐస్‌లాండ్ రెండు పలకల మీద ఉంది. భారతదేశం, అరేబియా ఆసియాలో భాగాలైనా యురేషియా పలకకు చెందవు. యూరప్, ఆసియాలు మాత్రం చాలావరకు ఒకే పలక మీద ఉన్నాయి. కనుక పలకలను బట్టి ఖండాలను నిర్ణయిస్తే వాడుకలోని జాబితా పూర్తిగా మారిపోతుంది.

ఖండాలను లెక్కించే పద్ధతులు

ఏడు ఖండాల పద్ధతి: ఆసియా, ఆఫ్రికా, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, యూరప్, ఆస్ట్రేలియా. భారతదేశం, చైనా, ఇంగ్లీషు మాట్లాడే దేశాలు దీన్ని బోధిస్తాయి.

ఆరు ఖండాల పద్ధతులు: స్పెయిన్, లాటిన్ అమెరికా దేశాల్లో రెండు అమెరికాలను ఒకే ఖండంగా చెబుతారు. రష్యాలో భూగోళ పాఠాలు యూరప్, ఆసియాలను కలిపి యురేషియాగా చూపుతాయి.

ఐదు భాగాల పద్ధతి: జనావాసం లేని అంటార్కిటికాను విడిచి, అమెరికాలను కలిపి లెక్కిస్తారు. 1913లో పియెర్ ద కూబెర్టాన్ రూపొందించిన ఒలింపిక్ చిహ్నంలోని ఐదు వలయాలు ఒలింపిక్ ఉద్యమంలో చేరిన ఐదు భూభాగాలకు గుర్తు. ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం కూడా ఆఫ్రికా, అమెరికాలు, ఆసియా, యూరప్, ఓషియానియా అనే ఐదు ప్రధాన ప్రాంతాలను వాడుతుంది. దాని జాబితాలో రష్యా మొత్తం తూర్పు యూరప్‌లోకి, సైప్రస్ పశ్చిమాసియాలోకి వస్తాయి. 2004 నుంచి సైప్రస్ యూరోపియన్ యూనియన్ సభ్యదేశం. ఒకే దేశం భౌగోళికంగా ఒక ఖండానికి, రాజకీయంగా మరొక ఖండానికి చెందవచ్చని ఇది చూపుతుంది.

ఆస్ట్రేలియా, ఓషియానియా అన్న పేర్లకు పరిధి వేరు. ఆస్ట్రేలియా ఖండమంటే ప్రధాన భూభాగం, టాస్మానియా, ఒకే ఖండతీరపు అంచుపై ఉన్న న్యూగినియా వంటి దీవులు. ఓషియానియా అన్నప్పుడు న్యూజిలాండ్‌తోపాటు పసిఫిక్‌లోని దీవుల సముదాయాలూ చేరతాయి. అది ఖండం కంటే ప్రాంతమనదగినది.

ఖండాల వైశాల్యం: ఆసియా సుమారు 4.46 కోట్ల చ.కి.మీ., ఆఫ్రికా 3.03 కోట్లు, ఉత్తర అమెరికా 2.47 కోట్లు, దక్షిణ అమెరికా 1.78 కోట్లు, అంటార్కిటికా 1.4 కోట్లు, యూరప్ 1.02 కోట్లు, ఆస్ట్రేలియాతో కలిపి ఓషియానియా 85 లక్షల చ.కి.మీ. హద్దులు మారితే ఈ అంకెలూ కొంత మారతాయి.

ఖండాల సరిహద్దులు

యూరప్, ఆసియా: ఎక్కువ మంది అంగీకరించిన హద్దు ఉరల్ పర్వతాలు, ఉరల్ నది, కాస్పియన్ సముద్రం, కాకసస్ పర్వతాలు, నల్ల సముద్రం, బాస్ఫరస్ జలసంధి, మర్మరా సముద్రం, డార్డనెల్స్ జలసంధి మీదుగా సాగుతుంది. ఇస్తాంబుల్ నగరం బాస్ఫరస్‌కు రెండు వైపులా విస్తరించి రెండు ఖండాల్లో ఉంది. ఉరల్ నదికి బదులు ఎంబా నదిని హద్దుగా తీసుకొనేవారూ ఉన్నారు. కాకసస్ వద్ద భేదం మరింత ముఖ్యమైనది. గ్రేటర్ కాకసస్ ప్రధాన శిఖరరేఖను హద్దుగా తీసుకుంటే దానికి ఉత్తరాన ఉన్న 5,642 మీటర్ల ఎల్‌బ్రుస్ యూరప్‌లో అత్యున్నత శిఖరం. ఇంకా ఉత్తరాన ఉన్న కూమా–మనిచ్ పల్లాన్ని హద్దుగా తీసుకుంటే ఎల్‌బ్రుస్ ఆసియాలోకి పోయి, ఆల్ప్స్‌లోని మోఁ బ్లాఁ యూరప్‌లో ఎత్తైనదవుతుంది.

ఆసియా, ఆఫ్రికా: సూయెజ్ భూసంధి, ఎర్రసముద్రం హద్దులు. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక అదే ఆచరణలో సరిహద్దు రేఖ అయింది. ఈజిప్టులోని సినాయ్ ద్వీపకల్పం ఆసియాలోకి వస్తుంది. ఎర్రసముద్రం అరేబియా, ఆఫ్రికా పలకలు విడిపోతున్న చోట ఏర్పడింది. కనుక ఇది భూగర్భ ఆధారం బలంగా ఉన్న హద్దు.

ఉత్తర, దక్షిణ అమెరికాలు: పనామా, కొలంబియా దేశాల మధ్యనున్న డేరియన్ అటవీప్రాంతాన్ని సాధారణంగా హద్దుగా తీసుకొంటారు. ఈ భూసంధి సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పూర్తిగా ఏర్పడి రెండు ఖండాలను కలిపిందని ఎక్కువ మంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఆసియా, ఓషియానియా: ఇక్కడ రాజకీయ, జీవ, భూగర్భ హద్దులు మూడూ వేర్వేరు. న్యూగినియా పడమటి సగం ఇండోనేషియాలో, అంటే రాజకీయంగా ఆసియా దేశంలో ఉంది. ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 19వ శతాబ్ది మధ్యలో బాలి, లాంబోక్ దీవుల నడుమ జంతుజాలం హఠాత్తుగా మారడాన్ని గుర్తించాడు. ఆ హద్దును వాలెస్ రేఖ అంటారు. హిమయుగాల్లో సముద్రమట్టం తగ్గినప్పుడు బాలి ఆసియా నేలతో, న్యూగినియా ఆస్ట్రేలియాతో కలిసి ఉండేవి. నడుమ ఉన్న లోతైన జలాలు మాత్రం ఎండలేదు. జంతుజాలంలోని తేడాకు ఇదే కారణం.

మహాసముద్రాలు, వాటి హద్దులు

సముద్రాల హద్దులను నిర్ణయించే పనిని అంతర్జాతీయ జలమాపక సంస్థ నిర్వహిస్తుంది. 1921లో మొనాకోలో మొదలైన ఈ సంస్థ మహాసముద్రాలు, సముద్రాల హద్దులపై 1928, 1937, 1953 సంవత్సరాల్లో మూడు కూర్పులు ప్రచురించింది. నావికుల సౌకర్యమే ఈ హద్దుల ప్రధాన లక్ష్యం. వీటిని దేశాల రాజకీయ సరిహద్దులుగా పరిగణించరు. 1953 కూర్పు ప్రకారం బంగాళాఖాతానికి దక్షిణ హద్దు రామసేతువు వద్ద ఒక భాగం, శ్రీలంక దక్షిణ కొసనున్న డోండ్రా అగ్రం నుంచి సుమాత్రా వాయవ్య కొస దగ్గరి దీవి దాకా గీసిన రేఖ మరో భాగం.

పసిఫిక్: సుమారు 16.9 కోట్ల చ.కి.మీ. వైశాల్యంతో భూమిపై నేలంతటికంటే పెద్దది. ప్రపంచంలో అత్యంత లోతైన చాలెంజర్ అగాధం ఇందులోని మరియానా ట్రెంచ్‌లో ఉంది. దాని లోతు 10,900 మీటర్లకు పైబడి ఉంటుంది.

అట్లాంటిక్: సుమారు 8.5 కోట్ల చ.కి.మీ. దీని నడుమ ఉత్తర దక్షిణాలుగా సముద్రగర్భ పర్వతశ్రేణి సాగుతుంది. దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ రేఖాంశం దీనికీ పసిఫిక్‌కూ హద్దు.

హిందూ మహాసముద్రం: సుమారు 7 కోట్ల చ.కి.మీ. ఉత్తరాన ఆసియా నేల దీన్ని మూసివేస్తుంది. నేల, నీరు వేడెక్కడంలోని తేడా వల్ల గాలులు ఋతువులను బట్టి దిశ మార్చుకొని రుతుపవనాలు ఏర్పడతాయి. ఆఫ్రికా దక్షిణ కొసనున్న అగుల్హాస్ అగ్రం మీదుగా పోయే 20 డిగ్రీల తూర్పు రేఖాంశం అట్లాంటిక్‌తో, టాస్మానియా దక్షిణ కొస మీదుగా పోయే రేఖాంశం పసిఫిక్‌తో దీనికి హద్దులు.

దక్షిణ మహాసముద్రం: సుమారు 2.2 కోట్ల చ.కి.మీ. మిగిలిన మహాసముద్రాలకు ఖండాలు హద్దులైతే దీనికి ప్రవాహం హద్దు. అంటార్కిటికా చుట్టూ పడమటి నుంచి తూర్పుకు సాగే ప్రవాహం భూమిపై అతిపెద్దది. ఇది లోపలి చల్లని నీటిని ఉత్తరాన ఉన్న వెచ్చని నీటి నుంచి వేరుచేస్తుంది. 1937 కూర్పులో ఉన్న ఈ పేరును ఉత్తర హద్దుపై ఏకాభిప్రాయం లేనందున 1953 కూర్పులో తొలగించారు. 2000లో సభ్యదేశాల అభిప్రాయాలు సేకరించి 60 డిగ్రీల దక్షిణ అక్షాంశాన్ని హద్దుగా ముసాయిదాలో చేర్చినా ఆ కూర్పు అధికారికంగా వెలువడలేదు. జపాన్ సముద్రం పేరుపై దక్షిణ కొరియా లేవనెత్తిన వివాదం అందుకు ముఖ్య కారణం. ఆస్ట్రేలియా తన దక్షిణ తీరం దాకా ఉన్న నీటిని దక్షిణ మహాసముద్రంగానే వ్యవహరిస్తుంది. 2021లో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ తన పటాల్లో దీన్ని ఐదవ మహాసముద్రంగా గుర్తించింది.

ఆర్కిటిక్: సుమారు 1.55 కోట్ల చ.కి.మీ. అన్నిటికంటే చిన్నది, లోతు తక్కువది. దీని అడుగులో చాలా భాగం ఖండతీరపు అంచు కావడం విశేషం.

కొత్త ప్రతిపాదనలు, విమర్శలు

2017లో నిక్ మార్టిమర్, ఆయన సహచరులు న్యూజిలాండ్ చుట్టూ మునిగి ఉన్న జీలాండియాను ఖండంగా గుర్తించాలని ప్రతిపాదించారు. దాని వైశాల్యం సుమారు 49 లక్షల చ.కి.మీ., అందులో 94 శాతం నీటి కింద ఉంది. చుట్టూ ఉన్న సముద్రపు అడుగుకంటే ఎత్తు, శిలల వైవిధ్యం, మందమైన భూపటలం, స్పష్టమైన హద్దులు వారు చూపిన ప్రమాణాలు. నేలగా కనిపించడం ఖండానికి తప్పనిసరి లక్షణమా అన్న ప్రశ్నను ఇది ముందుకు తెచ్చింది.

మార్టిన్ లూయిస్, కారెన్ విగెన్ 1997లో ప్రచురించిన గ్రంథంలో ఖండాల విభజన యూరప్ దృష్టితో ఏర్పడిందని విమర్శించారు. వైవిధ్యంలో భారత ఉపఖండంతో పోల్చదగిన యూరప్‌ను ఖండంగా, భారతదేశాన్ని ఖండంలో భాగంగా చూడడానికి భౌతిక కారణం చూపడం కష్టమన్నది ఈ వాదనలోని ముఖ్యాంశం. సంస్కృతి, భాష, ఆర్థిక సంబంధాల ఆధారంగా దక్షిణాసియా, పశ్చిమాసియా, ఆగ్నేయాసియా వంటి ప్రాంతాల విభజన అధ్యయనానికి ఎక్కువ అనుకూలమని వారు సూచించారు. పాత పద్ధతిని సమర్థించేవారు బోధనకు, పటాలకు, గణాంకాలకు స్థిరమైన, అందరికీ తెలిసిన పేర్లు అవసరమని చెబుతారు.

ప్రాముఖ్యం, వినియోగం

చట్టం: 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం తీరదేశాలకు 12 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు, 200 నాటికల్ మైళ్ల ప్రత్యేక ఆర్థిక మండలం ఇచ్చింది. ఖండతీరపు అంచు ఇంకా దూరం సాగుతున్నట్లు శాస్త్రీయంగా నిరూపిస్తే సముద్రపు అడుగుపై హక్కు మరింత విస్తరిస్తుంది. ఖండం ఎక్కడ ముగుస్తుందన్నది ఈ విధంగా చట్టపరమైన ప్రశ్న అయింది. 1959లో సంతకాలు జరిగిన అంటార్కిటిక్ ఒప్పందం 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువనున్న ప్రాంతానికి వర్తిస్తుంది. 1983లో అందులో చేరిన భారతదేశానికి అక్కడ మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలు ఉన్నాయి.

విజ్ఞానం, రక్షణ: 2004 డిసెంబరు 26న సుమాత్రా సమీపంలో వచ్చిన భూకంపం వల్ల పుట్టిన సునామీ బంగాళాఖాతం దాటి ఆంధ్ర తీరాన్ని కూడా తాకింది. ఆ తరువాత హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఏర్పాటైంది. పలకల హద్దులు, సముద్రపు లోతుల వివరాలు ఇటువంటి హెచ్చరికలకు ఆధారం.

క్రీడలు, పర్వతారోహణ: ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ సంఘం 2006 నుంచి ఆసియా సమాఖ్యలో ఉంది. ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను ఎక్కే సవాలుకు రెండు జాబితాలున్నాయి. ఏడవ శిఖరంగా ఒకటి ఆస్ట్రేలియాలోని 2,228 మీటర్ల కాసియస్కోను, మరొకటి న్యూగినియాలోని 4,884 మీటర్ల కార్‌స్టెన్జ్ పిరమిడ్‌ను తీసుకొంటుంది. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు శిఖరాలను అధిరోహించాడు. తెలంగాణకు చెందిన మాలావత్ పూర్ణ తన ఏడు శిఖరాల్లో భాగంగా కార్‌స్టెన్జ్ పిరమిడ్‌ను ఎక్కింది.

పటాలు, విద్య: 1569లో మెర్కేటర్ నావికుల కోసం రూపొందించిన పటంలో ధ్రువాల వైపు ఉన్న భూభాగాలు అసలు పరిమాణం కంటే చాలా పెద్దవిగా కనిపిస్తాయి. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకు దాదాపు సమానంగా తోస్తుంది. వాస్తవంలో ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు. ఖండాల పరిమాణాలను పోల్చడానికి సమవైశాల్య పటాలు, దిశలకు మెర్కేటర్ పటం, దూరాలకు గ్లోబు తగినవి. అదేవిధంగా నావికుడికి ఊహారేఖల హద్దులు, భూగర్భశాస్త్రవేత్తకు పలకలు, జీవశాస్త్రవేత్తకు వాలెస్ రేఖ వంటివి, గణాంకాలకు ఐక్యరాజ్యసమితి ప్రాంతాలు ఉపయోగపడతాయి. ఖండాల సంఖ్యను పేర్కొనేటప్పుడు ఏ ప్రమాణం ప్రకారమో కూడా చెబితే ఆ సమాచారం సంపూర్ణమవుతుంది.